గురువారం రమ్మన్న మాట

పదిహేడేండ్ల నుంచి నా దగ్గర ఒక మాట ఉన్నది. అది నాది కాదు. ఒకామె ఇంకొకామెకు చెప్పమని నా చేతిలో పెట్టిన మాట. నేను చెప్పలే. మరిచిపోయి కాదు. కావాలని చెప్పలే.

మా దుకాణానికి వచ్చే బట్టల మూటలు ఎత్తినదాన్ని, బరువంటే నాకు తెలుసు. మూటనైతే ఎక్కడన్న ఒక దగ్గర దించుతం. దీన్ని దించే జాగ దొరకలే. నా భర్తకు తెల్వదు, మా అమ్మకు తెల్వదు. మీకు ఎందుకు చెప్తున్న అంటే, మీరు నన్ను గుర్తుపట్టరు. చూసిండ్రా, ఒప్పుకునే కాడ కూడా బేరమే. మొఖం దాచిపెట్టుకొని తప్పు మాత్రం మీ ముందు పరుస్తున్న. బేరగాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, ఇంతకంటే మంచిగ నాకు రాదు.

మాది మిర్యాలగూడ. నాయినది చీరెల దుకాణం. కోతలైనంక వేములపల్లి దిక్కు నుంచి ఆడోళ్లు గుంపుగ వచ్చి తెల్లగుడ్డ పరుపు మీద కూసునేటోళ్లు. నాయిన వాళ్ల ముందు మొదలు ఒక చీరె పరిచేటోడు. చిలకపచ్చ మీద ఇటుకరంగు పూలు. దాని వయసు నా వయసు కంటే ఎక్కువ. అది అమ్మడానికి పెట్టింది కాదు. దాన్ని చూసి వాళ్లు మొఖం తిప్పుకోవాలె. అప్పుడు దాని వెనక పరిచే చీరె మామూలుదైనా కండ్లకు నిండుగ కనపడ్తది. "మొదలే మంచిది చూపెడ్తే దానికి వంకలు వెడ్తరు బిడ్డా" అనేటోడు నాయిన. ఆ పచ్చ చీరెను మళ్ల మడతపెట్టి పైకి అందిచ్చే పని నాది. దాని మీద పాపం అనిపించేది నాకు. రోజూ విప్పిచ్చుకునుడు, రోజూ ఛీ అనిపిచ్చుకునుడు. పదేండ్లప్పుడు ఒక చీరె మీద వచ్చిన జాలి, పద్దెనిమిదేండ్లప్పుడు మనిషి మీద ఎందుకు రాలే?

డిగ్రీకి నన్ను సూర్యాపేట పంపిండ్రు. బీఎస్సీ, ఇంగ్లీష్ మీడియం. బస్సులో గంటన్నర దూరమే, కానీ హాస్టల్‌లో వేసిండ్రు. దుకాణంలో నా నోటికి ఎదురు లేదు. బేరం కుదరక లేచి చెప్పులు తొడుక్కున్నోళ్లను గూడ వెనక్కు పిలిచి కూసోబెట్టినదాన్ని. అసోంటిదాన్ని, క్లాసులో నా నంబర్ పిలిస్తే గొంతు పెగలలే. ఎస్ మేడం. రెండే మాటలు. మూడు రోజులు క్లాసులో కూసునే ఆబ్సెంట్ వేయిచ్చుకున్న. మీకు నవ్వొస్తదేమో. నాకూ వస్తది, ఇప్పుడు. అప్పుడైతే హాస్టల్ ఉప్మా వాసనకే కక్కొచ్చేది. నా ముందు పరుపు లేదు, పక్కన నాయిన లేడు. ఇక్కడ సరుకు నేనే.

భయం వచ్చినా తెలివి యాడికి పోతది? లెక్చరర్ వరుసగ ప్రశ్నలు అడుక్కుంట వస్తుంటే, ఇంకెన్ని బెంచీలకు నా వంతు వస్తదో చూసుకొని, సరిగ్గ ఒక బెంచీ ముందు నీళ్ల బాటిల్ కింద పడేసేదాన్ని. ఇంకోరోజు దగ్గు. ఇంకోరోజు పక్కదాన్ని బతిమాలి జాగ మార్చుకునుడు. చదువు మీద పెట్టాల్సిన తెలివంత తప్పిచ్చుకునే దాని మీదనే పెట్టిన.

హాస్టల్‌లో నా పక్క మంచం సైదమ్మది. పేరు మార్చిన. ఆత్మకూర్ (ఎస్) దగ్గర ఒక పల్లె. వాళ్లది గొర్ల మంద. వాళ్లింట్ల కాలేజీ గేటు లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆమెనే. ఆమెకూ నా అంతే భయం. కానీ ఆమె దాచుకోలే. మొదటి రోజే, మాది దుకాణమని విని, బకెట్ పట్టుకొని నల్లా కాడ నిలబడి, "నాకు గుండె దడదడ అంటున్నదే షాపు పిల్లా, నీకు లేదా?" అని అడిగింది. "నాకేం లేదు" అన్న. నేను ఆమెకు చెప్పిన మొదటి అబద్ధం అది. చిన్నదే. ఆమె నమ్మింది. నమ్మి, నన్ను ధైర్యవంతురాలు అనుకొని, నా కొంగు పట్టుకున్నట్టు నా వెనకనే తిరిగింది.

వాళ్ల నాయిన ఒక షరతు మీద పంపిండు. ఒక్క ఏడు చూస్త అన్నడట. పిల్లకు చదువు వడ్తది అనిపిస్తే చదువుతది. లేకుంటే మేనబావ ఉన్నడు, లగ్గం చేస్త. సైదమ్మ ఈ సంగతి ఎవరితోటీ అనలే, నాతోటి తప్ప. అంటే ఆ ఏడు ఆమెకు ఏందో నాకు మొత్తం తెలుసు. తెల్వక చేసిన అనడానికి నాకు జాగ లేదు. ఇది మీరు యాదిపెట్టుకోవాలె.

మా జువాలజీ మేడం కోదాడ దిక్కు ఆమె. గట్టి మనిషి, మాట మాత్రం మెత్తన. ఒకరోజు ల్యాబ్‌లో సీసాలో పెట్టిన జలగ చూపిచ్చింది. నీళ్లల్ల రక్తం తాగేది కాదు, గొర్ల కార్జంలో ఉండే జలగ. పెద్ద పాఠం, నోరు తిరగని పేర్లు. అందరం రాసుకుంటున్నం. సైదమ్మ సీసా దగ్గరికి వంగి, "మేడం, గిది నేను చూసిన" అన్నది. అంతే, ఆగలే. చెరువు కింద నీళ్లు జాలువారే కాడ మేస్తే వస్తదని, దవడ కింద నీరు దిగి సంచిలెక్క వేలాడ్తదని, మంచు ఆరిందాంక వాళ్ల నాయిన మందను అటు దిక్కే పోనియ్యడని, కోసినప్పుడు కార్జం ఎట్ల గట్టివడి ఉంటదో చేతులతోటి చూపిచ్చుకుంట చెప్పింది. మేడం చాక్‌పీస్ చేతిలో పట్టుకొని అట్లనే నిలబడ్డది. క్లాసంత పెన్నులు పక్కకు పెట్టి విన్నది.

నేనూ విన్న. నాకు నచ్చలే. ఎందుకు నచ్చలే? నాకంటే ఎక్కువ భయపడే మనిషి పక్కన ఉంటేనే కదా నేను నిలబడింది. ఆ మనిషి లేచి మాట్లాడితే ఇగ నా పక్కన ఎవరున్నరు?

రెండు నెలలకు సెమినార్లు వచ్చినయి. ఒక్కొక్కరు బోర్డు కాడికి పోయి అయిదు నిమిషాలు మాట్లాడాలె. సైదమ్మకు ఆ జలగ పాఠమే ఇచ్చింది మేడం. నాకు ఇంకొకటి. నా నంబర్ ముందు, ఆమెది నా వెనకనే. నేను వారం ముందే మొదలువెట్టిన బేరం. "నీది నీకు వచ్చిన పాఠం, సులువుగ అయిపోతది, ముందు నువ్వు పో. నువ్వు పోతే నాకు ధైర్యం వస్తది." ధైర్యం అన్న మాటకు ఆమె కరిగింది. మేడంకు చెప్పి నంబర్లు మార్పిచ్చిన.

ఆమె గొర్ల గురించి చెప్దాం అనుకున్నది, ల్యాబ్‌లో చెప్పినట్టు. "పిచ్చిదానా, సెమినార్‌ల గొర్ల ముచ్చట చెప్తరా? గైడ్‌ల ఉన్నది బట్టీ కొట్టు" అన్న. ఆమె మంచికే అన్ననా? సగం ఔను. మిగతా సగం? ఆమె ఇంగ్లీషు పేర్ల కాడ ఆగిపోతదని నాకు తెలుసు. రోజూ నాకే అప్పజెప్పేది కదా. రోజూ అదే పేరు కాడ ఆగేది. అయినా "మంచిగనే వస్తున్నది" అన్న.

ఆగిపోయింది. నాలుగు వాక్యాలు చెప్పింది, అయిదోదాని కాడ ఆ పేరు వచ్చింది, ఇగ నోరు పడిపోయింది. నా దిక్కు చూసింది. నేను నోట్స్ తిరగేస్తున్నట్టు తల దించిన. వెనక బెంచీల నుంచి ఒకడు "మే..." అన్నడు. ఇంకొకడు అందుకున్నడు. మేడం డస్టర్‌తోటి టేబుల్ కొట్టి వాళ్లను బయటికి పంపింది, కానీ అప్పటికే క్లాసు నవ్వింది. సైదమ్మ చున్నీ కొస నలుపుకుంట వచ్చి కూసున్నది.

దాని తర్వాత నేను పోయిన. కాయితం చూసి చదివినట్టే చెప్పిన. మామూలు రోజైతే నన్నూ నవ్వుదురు. ఆమె వెనక పోయిన కాబట్టి నిండుగ కనవడ్డ. మేడం "గుడ్" అన్నది. ఎవరో చప్పట్లు కొట్టిండ్రు. ఆ రాత్రి హాస్టల్‌లో మొదటిసారి కడుపునిండ తిన్న. సైదమ్మ గూడ చప్పట్లు కొట్టింది.

ఇక్కడిదాంకనే అయితే నేను ఇది రాయకపోదును. చిన్నతనం, భయం, ఏదో చేసినం అనుకుందును. అసలు సంగతి దీని తర్వాత.

సైదమ్మ క్లాసుకు వచ్చుడు బందుపెట్టింది. గోడ దిక్కు తిరిగి పండుకునేది. సోమవారం మేడం నన్ను స్టాఫ్ రూముకు పిలిచింది. ఉరికిన. గుడ్ అన్నది కదా, ఇంకేదో అంటదని. ఆమె నన్ను చూసి, "నువ్వు ఆ గొర్రెల గురించి చెప్పిన అమ్మాయి ఫ్రెండువి కదూ? నీ పేరేంటి?" అన్నది. గుడ్ అన్న మూడు రోజులకు నా పేరు అడిగింది. చెప్పిన. విన్నదో లేదో. ఆమె మనసంత సైదమ్మ మీదనే ఉన్నది. ఆ పిల్లను గురువారం ల్యాబ్‌కు రమ్మను, ఇంగ్లీషు అక్కరలేదు, తెలుగులనే నాకు ఒక్కదానికే చెప్పమను అన్నది. సరే మేడం అన్న.

కాలేజీ నుంచి హాస్టల్‌కు పది నిమిషాల నడక. ఆ పది నిమిషాలలో నేను ఏమైన? గేటు దాటినప్పుడు చెప్దామనే ఉన్న. మలుపు కాడ, చెప్తే ఏమైతది అని ఆలోచన వచ్చింది. ఆమె పోతది. గురువారం మంచిగ చెప్తది, ల్యాబ్‌లో చెప్పినట్టు. తర్వాత క్లాసులో చెప్పిస్తరు. అప్పుడు నా గుడ్ ఏమైతది? ఆమె నోరు పడిపోయింది కాబట్టి వచ్చిన గుడ్ అది. మెట్లు ఎక్కేవరకు నాకు ఖాయం అయిపోయింది. కోపం గూడ కాదు. దుకాణంలో కూసున్నప్పటి చల్లదనం. అదే నన్ను ఇప్పటికీ భయపెడ్తది.

ఆమె మంచం మీద లేచి కూసున్నది.

"మేడం కనవడ్డదా?"

"ఆ."

"ఏమన్న అన్నదానే, నా గురించి?"

"ఏమనలే."

"అసలేమనలే? ఎందుకు రాలే అని గూడ అడగలే?"

"అరవై మంది ఉన్నమే. నిన్నేం యాదికి పెట్టుకుంటది?"

"మంచిదే తీయ్" అన్నది. "తిట్టలేదు గదా."

అంతే. ఆమె ఏడ్వను గూడ ఏడ్వలే.

గురువారం పోయిన ల్యాబ్‌కు. పోకుంటే మేడం తానే హాస్టల్‌కు వస్తదేమో అని భయం. మేడం సీసా బయటపెట్టి, రెండు కుర్చీలు ఎదురెదురుగ వేసుకొని కూసున్నది. "రాలేదా?" అన్నది. "రాను అన్నది మేడం. ఎంత చెప్పినా వినలే. ఇంటికి పోతదట." ఆమె సీసా తీసి మళ్ల అల్మారలో పెట్టింది. అప్పటికి సైదమ్మ ఇంటికి పోతనని అననే లేదు. నేనే అన్న. ఇద్దరి నడుమ నిలబడి, వాళ్లకొక మాట, వీళ్లకొక మాట. మా బజార్‌లో అసోంటోళ్లను మా నాయిన దుకాణం మెట్లు ఎక్కనిచ్చేటోడు కాదు.

శుక్రవారం సైదమ్మ వాళ్ల నాయినకు ఫోన్ చేయిచ్చింది. శనివారం ఆయన వచ్చిండు. రేకు పెట్టె ఒక దిక్కు ఆయన పట్టుకుంటే ఇంకో దిక్కు నేను పట్టిన, ఆటో దాంక. "నువ్వన్న మంచిగ చదువు" అన్నది నాతోటి. ఆటో ఎక్కినంక ఏదో యాదికొచ్చి దిగింది. "బకెట్ నువ్వే ఉంచుకోయే, నీది పలిగింది గదా."

మూడేండ్లు ఆ బకెట్‌తోనే స్నానం చేసిన. దాని మీద గోర్ల రంగుతోటి ఆమె పేరు రాసుకున్నది. కొబ్బరిపీచుతోటి రుద్దిన. పూర్తిగ పోలే.

ఆ గురువారం మీద నిలబడే నేను తర్వాత క్లాసులో నోరు తెరిచిన. భయం పోయింది. నేర్చుకున్న, పాసైన, పీజీ చేసిన. ఫైనలియర్ ఫేర్‌వెల్ రోజు మేడం నా పక్కన కూసొని ఐస్‌క్రీం తింట, "ఆ అమ్మాయిని నేనే భయపెట్టేశానేమో. అంత తొందరగా సెమినార్ పెట్టకుండా ఉండాల్సింది" అన్నది. చెప్పొచ్చు. ఆ నిమిషం చెప్పొచ్చు. నేను "అట్లేం లేదు మేడం" అని ఓదార్చిన. నా తప్పు ఆమె మోస్తుంటే, పక్కన కూసొని వీపు తట్టిన.

ఇప్పుడు నేను కోదాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్త. ఏటా కొత్త పిల్లలు వస్తరు. ఎవరు బెంచీలు చూసుకుంట వంతు కోసం వణుకుతున్నరో, ఎవరు బాటిల్ పడేయబోతున్నరో నాకు చూడంగనే తెలుస్తది. వాళ్లను బయటికి పిలిచి నెమ్మదిగ మాట్లాడ్త. మంచి మేడం అంటరు. అట్ల మంచితనం చేస్తే పాతది కొంచెం కొట్టుకుపోతదని మొదట్లో ఆశ ఉండేది. పోలే. ఆ పిల్లలకు చేసింది ఆ పిల్లలదే. సైదమ్మ కాడికి ఒక్క చుక్క గూడ చేరలే.

పోయిన ఎండకాలం అడ్మిషన్ల కోసం ఊర్లు తిరుగుతున్నం. ఎండలు మొదలైతే ప్రైవేటు కాలేజీ లెక్చరర్లు పాంప్లెట్లు పట్టుకొని పల్లెల మీద పడ్తరు, పిల్లలను అడుక్కోవడానికి. మీరు చూసే ఉంటరు. అనంతగిరి అవతల, కోసిన పొలంలో ఎరువు కోసం గొర్ల మంద పెట్టి ఉన్నది. స్కూటీ ఆపి నీళ్లు తాగుతున్న. "ఏందే షాపు పిల్లా!" అని వినబడ్డది.

సైదమ్మ. పదహారేండ్ల తర్వాత. నన్ను వెనక నుంచి చూసి గుర్తుపట్టింది. ఎండకు నల్లవడ్డది, నవ్వు అదే. మేనబావనే చేసుకున్నది. ఇద్దరు పిల్లలు. ఏటా కోతలైనంక మందతోటి ఇటు దిక్కు వస్తరట. నా చేతిలో పాంప్లెట్ తీసుకొని, వేలు పెట్టి చదివి, జువాలజీ కాడ ఆగింది. "గిది నువ్వే చెప్తవా? జలగ పాఠం ఉన్నదా?" లేదన్న. "అయ్యో" అన్నది. ఆ పాఠానికేదో నష్టం జరిగినట్టు.

తర్వాత తానే ఎత్తింది. "ఆ మేడం ఒక్కపారి నన్ను పిలిచి అడిగితే నేను ఆగుదునే. మా నాయిన కాళ్లు వట్టుకొనన్న ఆగుదును. అడుగుతది, అడుగుతది అని వారం దినాలు చూసిన." మళ్ల నవ్వి, "నువ్వొక్కదానివే ఆడ నాతోటి మంచిగున్నవ్" అన్నది.

నేనేమన్ననో తెలుసా? "ఎండ బాగున్నది" అన్న. పని ఉన్నదన్న. స్కూటీ స్టార్ట్ చేసిన.

చెప్తే ఏమైతది అని ఇంటికొచ్చినంక నన్ను నేనే ఎన్నోసార్లు అడిగిన. మేడం పిలవలేదన్న బాధకు ఆమె అలవాటు పడ్డది. ఆ జాగల, పిలిచింది గని ఆ మాట నా దాంక రాలే అన్న బాధ పెట్టాల్నా? అది దీనికంటే పెద్దది కాదా? ఆమె కోసమే చెప్తలేనని నాకు నేను చెప్పుకున్న. మంచి కారణం. మరీ మంచిగున్నది. నేను పరిచిన సరుకు మరీ మంచిగ కనవడ్తే నాకే అనుమానం వస్తది. అసలు కారణం చిన్నది. ఈ భూమ్మీద నన్ను మంచిదాన్ని అనుకునే మొదటి మనిషి ఆమె. అది నేను ఇడిసిపెట్టలేను.

మొన్న మా బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మేడం పోయిందట. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టిండ్రు, ఎవరి జ్ఞాపకం వాళ్లు రాసిండ్రు. నేను గూడ ఒకటి రాసిన. చెరిపిన. నేనూ రెండు చేతుల బొమ్మ పెట్టిన. ఇగ ఆ మాట అప్పజెప్పిన మనిషి లేదు. తీసుకోవాల్సిన మనిషి ఈ ఎండకాలం మళ్ల అనంతగిరి దిక్కు వచ్చే ఉంటది. ఈసారి నేను వేరే రూట్ అడుక్కున్న.

ఇంకొకటున్నది. మేడం చెప్పింది మీకు గూడ మొత్తం చెప్పలే. అసలైనది అడుగున పెట్టుకొని చివరికి తీసుడు మా ఇంటి అలవాటు. ఇప్పటికి నోరు తెరిచి ఒక్కసారి గూడ దీన్ని బయటికి అనలే. ఇది మీకు అక్కరకు రాదు. అయినా అంటున్న. ఆమె అన్నట్టే, ఆమె మాటల్లోనే.

"ఆ అమ్మాయిని గురువారం ల్యాబ్‌కి రమ్మను. ఎవరూ ఉండరు, నేనొక్కదాన్నే ఉంటాను. తెలుగులోనే చెప్పమను, ఇంగ్లీషు సంగతి తర్వాత నేను చూసుకుంటా. ఇన్నేళ్ల నుంచి ఈ పాఠం చెప్తున్నా, దవడ కింద నీరు దిగిన గొర్రెని నేను ఒక్కసారి కూడా చూడలేదు. తనకి తెలిసింది నాకు తెలీదు, నేర్చుకోవాలని ఉందని చెప్పు. మర్చిపోకు, ఏం?"

మరిచిపోలే మేడం. ఒక్క అక్షరం గూడ మరిచిపోలే.